గొర్రెలు కొనే ముందు గడ్డి లెక్క చూద్దాం



పోయిన శుక్రవారం షార్జా వైపు సజ్జాలోని ఒక క్యాంపు నుంచి ఒక తమ్ముడు మాకు వాయిస్ మెసేజ్ పంపాడు. ఊరు కరీంనగర్ దిక్కు. కురుమ కుటుంబం. పదకొండేళ్లుగా ఇక్కడ షట్టరింగ్ పని చేస్తున్నాడు. మోకాళ్లు అరిగాయి, ఇక చాలనుకుంటున్నాడు. "నాలుగు లక్షల దాకా కూడబెట్టిన. ఇంటికి పోయి యాభై గొర్రెలు కొందామని ఉంది. బావమరిది నెల్లూరు జాతి కొనమంటుండు. మా ఇంటామె మాత్రం ఒక్కటే మాట అడుగుతుంది, మేత యాడుంది అని. మీరేమంటరు?" ఇదీ ఆ తమ్ముడి ప్రశ్న.

ఇలాంటి ప్రశ్న మాకు కొత్త కాదు. వీసా అయిపోవచ్చినవాళ్లు, కంపెనీ మూసేస్తే తిరిగి వెళ్తున్నవాళ్లు నెలకు ఒకరిద్దరైనా అడుగుతూనే ఉంటారు. ఒకరు ఆటో అంటారు, ఒకరు కిరాణా దుకాణం అంటారు, గొల్ల కురుమ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు గొర్రెలంటారు. తాతలు చేసిన పని కాబట్టి ధైర్యం ఉంటుంది. కానీ తాతల కాలంలో గొర్రె వెనక ఏమున్నదో, ఇప్పుడు ఏమున్నదో ఒకసారి చూసుకోవాలి. అందుకే ఈ వారం మన కాలమ్ గొర్రెల గురించి కాదు, గొర్రె కింద ఉండే నేల గురించి, అది తాగే నీళ్ల గురించి.

ముందుగా ఆ ఇంటామె అడిగిన ప్రశ్ననే తీసుకుందాం. మేత ఎంత కావాలి?

ముప్పై కిలోల తల్లిగొర్రె రోజుకు సుమారు ఒక కిలో ఎండు మేతకు సమానమైన తిండి తింటుంది. పచ్చిగడ్డి అయితే అందులో నీరే ఎక్కువ కనుక నాలుగైదు కిలోలు కావాలి. లెక్క సులువు కోసం ఎండు మేతనే పట్టుకుందాం. యాభై గొర్రెలకు రోజుకు యాభై కిలోలు. ఏడాదికి 18,250 కిలోలు, అంటే 182 క్వింటాళ్లు. పిల్లల తిండి ఇందులో కలపలేదు.

ఇప్పుడు నేల సంగతి. రాళ్లు తేలిన మన బంచరాయి భూముల్లో ఎకరాకు ఏడాదికి అయిదు క్వింటాళ్ల ఎండుగడ్డి వస్తుందనుకుందాం. చాలా చోట్ల అంత కూడా రాకపోవచ్చు. అందులో సగం మేపి, సగం నేలమీద వదిలెయ్యాలి. ఎందుకో కింద చెప్తాం. అంటే ఎకరాకు గొర్రెకు దక్కేది రెండున్నర క్వింటాళ్లు. ఆ లెక్కన యాభై గొర్రెలకు డెబ్భై ఎకరాలు దాటుతుంది. పంట కోసిన చేలల్లో మూడు నాలుగు నెలలు గడుస్తుంది, ఎండాకాలంలో తుమ్మకాయలు, ఆకులు దొరుకుతాయి. అలా సగం గడిచినా ముప్పై అయిదు ఎకరాల బీడు కావాలి. ఆ బీడులో మన మంద ఒక్కటే తిరగదు. ఊళ్లోని అందరి మందలూ అక్కడే ఉంటాయి.

తమ్ముడికి సొంతంగా ఉన్నది రెండెకరాలు. కనుక ఇంటామె సరైన ప్రశ్నే అడిగింది.

సగం ఎందుకు వదలాలంటే, గడ్డి పైన ఎంత కనిపిస్తుందో కింద వేరు కూడా ఆ మేరకే బలంగా ఉంటుంది. గొర్రె పళ్లు నేలకు ఆనించి కొరుకుతాయి. మళ్లీ మళ్లీ నేల దాకా మేపితే గడ్డి తన వేరును సాకలేదు, వేరు చస్తుంది. వేరు చచ్చిన నేల గట్టిపడుతుంది. తొలకరి వాన ఇంకకుండా పైపైన పారిపోతుంది. పోతూ పోతూ పై మట్టిని తీసుకుని చెరువులో పోస్తుంది. అంటే బీడు ఎండిపోవడమూ చెరువు పూడిపోవడమూ రెండు వేర్వేరు కష్టాలు కావు. ఒకే తప్పు పైన ఒకటి, కింద ఒకటి కనిపిస్తుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తోలారు. మంచి పనే. కానీ పైనున్న గుట్టలు బోడిగా ఉంటే ఆ మట్టి మళ్లీ చెరువులోకే వస్తుంది.

ఇది మనం ఇక్కడ కళ్లారా చూస్తున్న పాఠం కూడా. సౌదీలో, కువైట్‌లో ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే మన తమ్ముళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆ మధ్య ఫోన్లో మాతో అన్న మాట మరిచిపోలేం. "అన్నా, ఇక్కడ గొర్రె మేసేది ఎడారిని కాదు, సంచిని." నిజమే. బార్లీ సంచులు వస్తాయి, ట్యాంకర్లో నీళ్లు వస్తాయి. కానీ ఈ ఎడారి ఎప్పుడూ ఇలా లేదు.

అరబ్బుల దగ్గర 'హిమా' అనే పాత పద్ధతి ఒకటి ఉండేది. హిమా అంటే రక్షించిన చోటు. పద్నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆచారం. ఒక తెగ, ఒక ఊరు కొంత మేత భూమిని కట్టుబాటులో పెట్టుకునేవాళ్లు. కొన్ని హిమాల్లో పశువును అసలు తోలరు, కరువొస్తే చేత్తో గడ్డి కోసి తెచ్చుకుంటారు. కొన్నింటిలో గడ్డి పూసి గింజ రాలిన తరువాతే మందను వదులుతారు. కొన్నింటిలో ఏ జాతి పశువు, ఎన్ని తలలు అన్నది ముందే తేల్చుకుంటారు. తేనెటీగల కోసం పూత కాలంలో మూసే హిమాలు, చెట్లు కొట్టకూడదని కట్టుబాటు ఉన్న హిమాలు కూడా ఉండేవి. 1950లలో సౌదీలో తెగల మేత హక్కులు తీసేసి భూమిని అందరికీ తెరిచారు. ఆ తరువాత లారీలు వచ్చాయి, నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి, దిగుమతి బార్లీకి దశాబ్దాల పాటు సబ్సిడీ దొరికింది. పూర్వం గడ్డి అయిపోతే మంద కదిలి వెళ్లేది, నేలకు విశ్రాంతి దొరికేది. ఇప్పుడు గడ్డి అయిపోయినా బార్లీ తింటూ మంద అక్కడే ఉంటుంది. మొలిచిన ప్రతి మొలకనూ కొరికేస్తుంది. తలలు పెరిగాయి, నేల పోయింది. అందుకే ఇప్పుడు ఈ దేశాల్లోనే హిమాను మళ్లీ తలుచుకుంటున్నారు, మేత భూములకు కంచెలు వేసి కాపాడుతున్నారు.

మనకూ అటువంటి మాట ఒకటి ఉంది, 'కంచ'. హైదరాబాద్ చుట్టుపక్కల కంచ అని పేరున్న చోట్లు చాలా ఉన్నాయి. పశువుల మేత కోసం వదిలిన భూమిని కంచ అనేవాళ్లు. 2025లో చెట్లు నరికిన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి పేరు మీరంతా వార్తల్లో విన్నారు. ఆ పేరులోనే ఒకప్పటి మేత ఉంది. మన ఊళ్లలో కంచలు, గైరాన్లు, బంచరాయిలు కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని క్వారీలయ్యాయి, కొన్ని వెంచర్లయ్యాయి. మిగిలినవాటిలో సర్కారు తుమ్మ కమ్ముకుంది. ఈ సర్కారు తుమ్మ ఇక్కడ ఎమిరేట్స్‌లోనూ పెద్ద బెడదే. కాయలు గొర్రె తింటుంది, గింజ పెంటికతో పాటు ఇంకో చోట పడి మొలుస్తుంది. దాని కింద గడ్డి సరిగా రాదు.

అదే కుటుంబానికి చెందిన మంచి చెట్టు కూడా ఒకటుంది. దుబాయ్‌లో, షార్జాలో రోడ్ల పక్కన, ఎడారిలో మీరు చూసే గాఫ్ చెట్టు. 2008లో ఎమిరేట్స్ దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. చాలామందికి తెలియని సంగతేమిటంటే అది మన జమ్మి చెట్టే. దసరాకు బంగారం పంచుకునే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాని వేరు నీటి కోసం చాలా లోతుకు దిగుతుంది. వాన లేని ఏడు కూడా ఆకు నిలుస్తుంది. ఆకు, కాయ రెండూ గొర్రెకు మంచి మేత. కింద పంటకూ పెద్దగా అడ్డం రాదు. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు పొలం గట్టున నాలుగు జమ్మి మొక్కలు పెట్టండి. మీరు ఇక్కడ ఉన్నా అవి అక్కడ పెరుగుతూనే ఉంటాయి.

ఇక జాతి సంగతి. నెల్లూరు గొర్రె పొడుగ్గా ఉంటుంది, ఒంటి మీద ఉన్ని ఉండదు, పిల్ల తొందరగా తూకం వస్తుంది. మాంసానికి ధర వస్తుంది. పల్ల, జోడిపి, దొర అని అందులో మూడు రకాలున్నాయి. మన తెలంగాణలోనూ, పక్కనున్న మహారాష్ట్ర, కర్ణాటక మెట్ట ప్రాంతాల్లోనూ తరతరాలుగా ఉన్నది దక్కనీ గొర్రె. నల్లది, ముతక ఉన్ని గలది. చిన్నగా ఉంటుంది, ఎదుగుదల తక్కువ. ఇవన్నీ దాని లోపాలుగా చెప్తారు. కాదనం. కానీ అది పొడి నేలలో పుట్టిన గొర్రె. పలచటి మేతతో బతుకుతుంది, మైళ్లకు మైళ్లు నడుస్తుంది, వానలో చలిలో బయట పడుకున్నా ఒంటిమీద ఉన్ని కాపాడుతుంది. పెద్ద గొర్రెకు పెద్ద తిండి కావాలి. నేల తక్కువున్నవాడు పెద్ద గొర్రెను తెచ్చుకుంటే మిగతా తిండి దుకాణంలో కొనాలి. ఇక్కడి ఎడారిలో జరుగుతున్నది అదే కదా.

2017 జూన్‌లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఇరవై తల్లిగొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర లక్షా పాతిక వేలు, అందులో లబ్ధిదారు కట్టాల్సింది 31,250 రూపాయలు. బయటి రాష్ట్రాల నుంచి గొర్రెలు వచ్చాయి. 2019 పశుగణనలో కోటీ తొంభై లక్షలకు పైగా గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. ఆ గణన గొర్రెలది. గడ్డిని ఎవరూ గణించలేదు. గొర్రె వచ్చింది గానీ దాని వెంట బీడు రాలేదు. కొత్త చోట మేత పడక, రోగం తగిలి గొర్రెలు పోగొట్టుకున్నవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, ఫోన్ చేసి అడిగి చూడండి.

దక్కనీ గొర్రెకు అసలు దెబ్బ ఉన్ని దగ్గర తగిలింది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక గొర్రెకు కిలో ఉన్ని కూడా రాదు. మిల్లు దుప్పట్లు, ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వచ్చాక గొంగడి కొనేవాళ్లు తగ్గారు. చాలా చోట్ల ఉన్ని అమ్మితే కత్తిరించినవాడి కూలి కూడా రాలేదు. ఉన్నికి విలువ పోయాక నల్ల గొర్రెకు విలువ పోయింది. నల్ల గొర్రె పోయాక ఆ నేలకు సరిపోయిన మందే పోయింది. మన తమ్ముడు చెప్పాడు, వాళ్ల నాయనమ్మ రాట్నం మీద ఉన్ని వడికేదట, చింతగింజల గంజి పట్టించిన దారంతో తాత గొంగడి నేసేవాడట. వానలో తడిసినా లోపలికి నీరు దిగని ఆ గొంగడి ఒకటి ఇప్పటికీ ఇంట్లో ఉంది. కానీ నేసేవాళ్లు లేరు.

ఈ దేశంలోనూ అలాంటి నేతే ఉంది. బద్దూ ఆడవాళ్లు గొర్రె ఉన్నితో, మేక వెంట్రుకతో, ఒంటె వెంట్రుకతో నేలమగ్గం మీద నేసే 'సదూ'. ఎమిరేట్స్ సదూను 2011లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. 2020లో సౌదీ, కువైట్ సదూకు కూడా గుర్తింపు వచ్చింది. ఇక్కడ దాన్ని మ్యూజియంలో అద్దం వెనక పెట్టి చూపిస్తున్నారు. మన గొంగడి ఇంకా అటక మీదే ఉంది. చేతినేత గొంగళ్లను, ఉన్ని చాపలను మళ్లీ అడిగేవాళ్లు పట్నాల్లో కొందరు కనిపిస్తున్నారు. దాంతో సంసారం గడుస్తుందని మేము చెప్పం. పది దక్కనీ గొర్రెలు మందలో ఉంటే ఉన్నిని పారెయ్యొద్దని మాత్రం చెప్తాం. అమ్ముడుపోని ఉన్నికి కూడా పని ఉంది. మామిడి, నిమ్మ మొక్కల పాదుల్లో ఉన్నిని పరిచి పైన మట్టి కప్పితే తేమను పట్టి ఉంచుతుంది, మెల్లగా కుళ్లి నత్రజని ఇస్తుంది. ఎండాకాలంలో ఆ మొక్కలకు తడి తక్కువ పెట్టినా తట్టుకుంటాయి.

ఇప్పుడు నీళ్లు. గొర్రె మామూలు రోజుల్లో మూడు నాలుగు లీటర్లు తాగితే, మండు వేసవిలో ఏడెనిమిది లీటర్ల దాకా తాగుతుంది. యాభై గొర్రెలకు వేసవిలో రోజుకు నాలుగు వందల లీటర్లు లెక్క పెట్టుకోవాలి. మందను నేరుగా చెరువులోకి, కుంటలోకి దించే అలవాటు మనకుంది. అది రెండు విధాల నష్టం. గిట్టల కింద ఒడ్డు తెగి మట్టి నీళ్లలో కలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, నిలవ నీటి అంచున నత్తలుంటాయి. కార్జపు జలగ పురుగుకు ఆ నత్తలే ఇల్లు. అక్కడి గడ్డి తిన్న గొర్రె కొన్ని వారాల్లో దవడ కింద నీరు దిగి, చిక్కి చచ్చిపోతుంది. కుంట పక్కన సిమెంటు తొట్టి కట్టి, నీళ్లు తోడి పోస్తే ఒడ్డూ దక్కుతుంది, గొర్రే దక్కుతుంది. గోమార్లకు, పిడుదులకు మందు నీళ్లలో గొర్రెలను ముంచిన తరువాత ఆ నీటిని కుంటలోకి వదలకండి. చేపలు చస్తాయి, కింద ఊరివాళ్లు తాగే నీరు పాడవుతుంది. కత్తిరింపుకు ముందు గొర్రెలను కడిగేది కూడా తాగేనీటి చెరువులో కాకుండా వేరే చోట చూసుకోవాలి.

మేపే పద్ధతి మన చేతిలో ఉన్నది. తొలకరి పడగానే గొర్రెలను బీడు మీదికి తోలకుండా కనీసం ఆరు వారాలు ఆపగలిగితే గడ్డి నిలదొక్కుకుంటుంది. ఆ కాలానికి ఎండుమేత, చొప్ప, వేరుశనగ కట్టె ముందే దాచుకోవాలి. బీడును నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగంలో కొన్నాళ్లు మేపి ముందుకు జరిగితే మిగతా మూడూ కోలుకుంటాయి. సొంత మెట్ట ఉంటే కొంత భాగంలో స్టైలో, అంజన్ గడ్డి చల్లండి. ఇవి వాన మీదే వస్తాయి, బోరు అక్కర్లేదు. సూపర్ నేపియర్ బాగానే పెరుగుతుంది గానీ దానికి ఏడాది పొడుగునా నీరు కావాలి. బోరు ఎండితే గడ్డీ పోతుంది, అప్పూ మిగులుతుంది. వాన లేక వడబడిన లేత జొన్న మీదికి మందను తోలకండి. నాము తిన్న గొర్రె గంటల్లో పోతుంది.

ఇంకొకటి మందను పొలంలో ఆపడం. పంట కోసిన చేలో రాత్రి మందను నిలిపితే పెంటిక, మూత్రం నేరుగా నేలకు చేరతాయి. దానికి రైతు డబ్బో, గింజలో ఇచ్చేవాడు. ఇప్పటికీ చాలా చోట్ల ఇస్తున్నారు. యూరియా బస్తా కోసం వరుసలో నిలబడే రైతుకు, మేత కోసం తిరిగే కాపరికి ఇద్దరికీ లాభం. గొర్రె మేసినచోట నుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇచ్చే పద్ధతి ఇది. ఈ ఒప్పందం ఉన్న ఊరిలో మంద పెంచడం సులువు. గొర్రెలు కొనే ముందు మీ ఊరి రైతులతో ఆ మాట మాట్లాడుకోండి.

ఆ తమ్ముడికి మేము చెప్పింది ఇది. యాభై వద్దు. పదిహేను తల్లిగొర్రెలు, ఒక మంచి పొట్టేలుతో మొదలుపెట్టు. దగ్గరి సంతలో, మీ నేల మీద పెరిగిన గొర్రెలను కొను. దూరం నుంచి లారీలో వచ్చినవాటిని వద్దు. డబ్బంతా గొర్రె మీద పెట్టకు. లక్ష రూపాయలు పక్కన ఉంచి, అందులో తొట్టి, కొట్టం, ఒక ఏడాది ఎండుమేత, టీకాలు చూసుకో. పీపీఆర్, చిటుక రోగం, నీలి నాలుక టీకాలు వేయించే రోజులు పశువైద్యశాలలో రాయించుకో. బంచరాయి ఎన్ని ఎకరాలు మిగిలిందో పంచాయతీలో అడుగు, రికార్డు నకలు తీసుకో. ఊళ్లో మిగతా మందలవాళ్లతో కూర్చుని తొలకరికి ఎన్ని వారాలు ఆపాలో మాట్లాడు. ఒక్కడు ఆపితే ఏమీ కాదు, ఆ గడ్డిని పక్కవాడి మంద తింటుంది. అందరూ ఆపితేనే అది హిమా, అదే మన కంచ.

రెండు రోజుల తరువాత తమ్ముడు మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఇంటామెకు చెప్పాడట. ఆమె నవ్వి, "నేను అడిగిందే కద వాళ్లు చెప్పింది" అందట. ఆమె పదకొండేళ్లుగా ఆ రెండెకరాలు చేసుకుంటూ, ఆ బీడు మీదుగానే రోజూ నడుస్తున్న మనిషి. నేల ఎంత మందను మోయగలదో మనకన్నా ఆమెకే తెలుసు. ఇక్కడ కూర్చుని డబ్బు పంపే మనం, ఆ డబ్బుతో ఏం చేయాలన్నది కూడా ఇక్కడి నుంచే తేల్చేస్తుంటాం. ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు ఇంట్లోవాళ్లను అడగండి.

మీ ఊళ్లో మేత భూమి ఎంత మిగిలింది, మీ ఇంట్లో ఇంకా గొంగడి ఉందా, తిరిగి వెళ్లి గొర్రెలు పెంచినవాళ్ల అనుభవం ఏమిటి? ఎడారిలో మందలు కాస్తున్న సోదరులు కూడా చూసింది చెప్పండి. రాయడం రాకపోతే వాయిస్ పంపినా సరే. మంచి సంగతులు ఈ కాలమ్‌లోనే వేస్తాం. పేరు వద్దంటే వేయం.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఎండలు ముదురుతున్నాయి, నీళ్లు ఎక్కువ తాగండి, తలకు గుడ్డ కట్టుకోండి.